రూతు పెట్టిన టోకెన్

తెనాలి మొత్తానికి కంప్యూటర్లు మూడే ఉండేవనీ, ఆ మూడూ మా మేడ మీదే ఉండేవనీ నేనంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. పోనీ, నాలుగనుకోండి. తొంభై మూడులో రంగనాయకులుగారు ఆ మేడగది అద్దెకు తీసుకుని, బాపట్లలోని ఒక కంటి ఆసుపత్రికి ప్రోగ్రాము రాయించడం మొదలుపెట్టారు. రాసేది ముగ్గురు: రూతు, జ్ఞానానందం, శారద. వాళ్లలో పెద్దది రూతు. ఆమె తండ్రి ఆదాము రేపల్లె రైలు లైనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి పోయాడు.

మొదటి ఏడాదే గొడవ వచ్చింది. ఒకే పేరున్న ఇద్దరు రోగుల చీట్లు కలిసిపోకుండా జ్ఞానానందం ఒక మార్పు చేశాడు. అది తెలియని శారద, తన ఫ్లాపీలోని పాత కాపీని దాని మీద ఎక్కించింది. మార్పు పోయింది. ఒకరి చుక్కల మందు ఇంకొకరికి వెళ్లింది. అవి కన్ను కడిగే చుక్కలే కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఒకర్ని మాన్పించేస్తానన్నారు రంగనాయకులుగారు.

తప్పు మనుషులది కాదనీ, ఒంటి పట్టా మీదికి రెండు బళ్లు వదిలామనీ రూతు ఆయనకు చెప్పింది. రేపల్లె లైనులో స్టేషన్ మాస్టరు పెద్ద రింగుకు తగిలించి ఇచ్చే టోకెన్ చేతికందితే తప్ప డ్రైవరు బండి కదిలించడు. రెండు స్టేషన్ల మధ్య ముక్కకు టోకెన్ ఒక్కటే బయటికొస్తుంది కాబట్టి ఎదురుబండి రాదు. అదే పద్ధతి ఆమె ఆఫీసులో పెట్టింది. అసలు ప్రోగ్రాము ఒక్క మిషన్లోనే ఉంటుంది. వెదురుబద్ద వంచి కట్టిన రింగు ఎవరి దగ్గరుంటే వాళ్లే దాన్ని మార్చాలి. ముందుగా పాత కాపీని తేదీ వేసి దాచాలి. రింగు తిరిగి ఇచ్చేటప్పుడు ఏం మార్చారో, ఎందుకు మార్చారో మిగతా ఇద్దరికీ చెప్పాలి. సర్కసు సింహం దూరేంత రింగు అది. కొంచెం తగ్గించుకుని వినండి.

“మెడలో వేసుకుని బజారుకెళ్లమంటావా అక్కా?” అన్నాడు జ్ఞానానందం.

“వేసుకో. పెళ్లిచూపులకి పనికొస్తది,” అంది శారద. చాలా రోజుల తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

మరుసటి వేసవిలో ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఆపరేషన్ల జాబితాలో కొందరికి కుడికన్ను బదులు ఎడమకన్ను అని అచ్చవుతోంది. జ్ఞానానందం రింగు తీసుకుని బాపట్ల వెళ్లాడు. పని సగంలో ఉండగా, రేపల్లెలో తల్లికి ప్రాణం మీదికొచ్చిందని కబురొచ్చి అటునుంచి అటే పరుగెత్తాడు. మర్నాడు గురువారం. శుక్రవారం ఆపరేషన్లు.

ఆ పొద్దున్నే శారద ఆఫీసులో ఉన్న కాపీలో తప్పు సరిచేసింది. దాన్ని సాయంత్రం బస్సుకు పంపించేయమన్నారు రంగనాయకులుగారు. రూతు ఒప్పుకోలేదు.

“అక్కడిప్పుడు ఏది నడుస్తోందో మనకి తెలీదండి. అతను సగం మార్చి వదిలాడు. దాని మీద ఇది ఎక్కిస్తే ఏమవుద్దో నేను చెప్పలేను.”

“ఆసుపత్రి పోతే ఆఫీసు మూతేనమ్మా. ఆ వెదురుబద్ద కోసం ముగ్గురి కూడూ పోగొడతావా?”

“కన్ను పోతే మనం తేలేమండి.”

అతన్నే అడిగి వస్తానని ఆమె మధ్యాహ్నం బండికి రేపల్లె వెళ్లింది. వెళ్లేసరికి అతని తల్లి పోయింది. పెట్టె ఇంకా మూయలేదు. చర్చివాళ్లు పాడుతున్నారు. జ్ఞానానందం తల్లి పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. గోడకు ఆనించిన అతని సంచిలో పట్టక రింగు పైకి కనిపిస్తూనే ఉంది. రూతు అందరితోపాటు సమాధి దాకా నడిచింది. గుప్పెడు మన్ను వేసింది. ఏమీ అడక్కుండా వెనక్కి తిరిగింది.

స్టేషన్ దగ్గరి టెలిఫోన్ బూత్ నుంచి ఆసుపత్రికి ఫోను చేసి, రేపు మా ప్రోగ్రామును నమ్మవద్దనీ, ఒక్కొక్కరి కన్నూ మళ్లీ చూసి జాబితా చేత్తో రాసుకోమనీ డాక్టరు కనకలక్ష్మిగారికి చెప్పింది. కారణం అడిగితే దాచలేదు.

శుక్రవారం ఆపరేషన్లన్నీ ఆ చేతిరాత జాబితాతోనే జరిగాయి. రంగనాయకులుగారు రూతు ముఖం చూడడం మానేశారు. గది ఖాళీ అవుతుందనే నేనూ అనుకున్నాను.

సోమవారం జ్ఞానానందం వచ్చి చేసిన పని చెప్పాడు. తప్పు అచ్చులో కాదట, రికార్డుల్లో. తప్పు పడ్డవాళ్లలో సగంమందివి అతను అక్కడే సరిచేసి ఉంచాడు. శారద కాపీ తప్పు పడ్డవాళ్లందరి కన్నూ అచ్చులో తిప్పేది కాబట్టి, అది వెళ్లి ఉంటే ఆ సగంమందికీ కుడి ఎడమలు మళ్లీ తారుమారయ్యేవి. రంగనాయకులుగారే ఆసుపత్రికి ఫోను చేసి వారం గడువు అడిగారు. ఇచ్చారు.

“అందాకా వచ్చి అడగలేదేం అక్కా?” అన్నాడు జ్ఞానానందం.

“అడిగితే అమ్మ దగ్గర్నుంచి లేచొచ్చి చెప్పేవాడివి,” అంది రూతు.

అతను ముఖం తిప్పుకున్నాడు. శారద తన కుర్చీని అతని పక్కకు జరుపుకుని, మిగిలిన సగంమంది పేర్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది.