ఫ్రేములో పట్టని అంచు

వేలం సంస్థకు రాసిన పదకొండు ఈమెయిళ్లకు జవాబు రాలేదు కాబట్టి ఇలా అందరి ముందు చెప్పుకుంటున్నాను. మా నాన్న పిల్లల పత్రికకు కామిక్స్ గీసేవారు. ఆయన గీసిన అసలు పేజీ ఒకటి ఆన్‌లైన్ వేలంలో కనబడితే పట్టుబట్టి పాడుకున్నాను. ఫొటోలో బొమ్మల కింది అంచున, ప్రెస్సువాళ్లకు ఆయన పెన్సిల్‌తో రాసిన మాట ఉంది: "ఏనుగుకు నీలం వద్దు, మా అబ్బాయి ఒప్పుకోవడం లేదు." ఆ అబ్బాయిని నేనే.

పేజీ ఫ్రేములో ఇంటికి వచ్చింది. ఆ అంచు మాత్రం లేదు. వెంటనే హైటెక్ సిటీలోని ఆ సంస్థ ఆఫీసుకు వెళ్లాను.

"ఫ్రేముల పట్టలేదని కోసేసిన్రు సార్. బొమ్మకేం కాలే కద, ఎందుకు పరేషాన్ అయితున్నరు?" అంది కౌంటర్లోని అమ్మాయి నవ్వుతూ.

"అది మా నాన్న చేతిరాతమ్మా."

ఆమె నవ్వు ఆగిపోయింది. "అయ్యో. అడిగి చెప్తా సార్," అంటూ నా నంబరు రాసుకుంది. ఆ ఫోన్ ఇంతవరకు రాలేదు.

నాన్న చేతిరాత నా దగ్గర ఇంకెక్కడా లేదు. ఆ ముక్కను పారేశారా, దాచారా? ఆ సంస్థలో ఎవరో ఒకరు జవాబు చెప్పండి.