కొల్లేరు రోడ్డు నుంచి జవాబు రాలేదు

మాస్టారు పోయారని మంగళవారం మధ్యాహ్నం స్కూలుకి ఫోను వచ్చింది. హెడ్మాస్టరు గదిలో నిలబడి మాస్టారి అమ్మాయి చెప్పినదంతా విన్నాను. "అలాగేనమ్మా, వస్తాను" అని పెట్టేశాను. ఏడుపు రాలేదు. అప్పుడు నాకు మొదట తట్టిన సంగతి చెబితే మీరు నవ్వుతారు. ఆదివారం సాయంత్రం నేను పంపిన ప్యాసింజరు చేరిందో లేదో ఆయన ఇంకా చెప్పనేలేదు. ఆ జవాబు కోసం రెండు రోజులుగా విసుక్కుంటూ ఎదురుచూస్తున్నాను.

ఆ ప్యాసింజరు అట్టముక్కలతో నేను చేసిన ఐదు పెట్టెలది. తాడేపల్లిగూడెంలో సైన్సు టీచర్ని నేను. పిల్లలకు కరెంటు పాఠం చెప్పడానికి బ్యాటరీతో నడిచే బొమ్మ రైలింజనొకటి కొన్నాను, పాఠం అయిపోయినా దాన్ని వదల్లేకపోయాను. ముందు గదిలో బల్ల వేసి, పట్టాలు పరిచి, ప్లాట్‌ఫారం కట్టి, సిగ్నల్ నిలబెట్టేసరికి మా ఆయన భోజనాల బల్ల ఊసెత్తడం మానేశారు. అప్పట్లో ఇంటర్నెట్ పెట్టుకుంటే ఇంటి ఫోను ఎంగేజ్‌లో ఉండిపోయేది. ఆ ఇంటర్నెట్‌లో వెతగ్గా వెతగ్గా నాలాంటి రైలు పిచ్చివాళ్ళు ముగ్గురు దొరికారు. ఒకాయన విజయవాడలో బ్యాంకు ఉద్యోగి. ఇంకొకాయన ఉండి అనే ఊళ్ళో చేపల మేత వ్యాపారి. మూడోవారు ఏలూరు పక్కన వట్లూరులో ఉండే రిటైర్డ్ స్టేషన్ మాస్టరు. ఆయన్ని అందరం మాస్టారనే అనేవాళ్ళం.

ప్రతి ఆదివారం సాయంత్రం చాట్ రూములో కలిసేవాళ్ళం. ఎవరి బల్ల వాళ్ళింట్లోనే ఉండేది, కానీ నాలుగు బల్లలూ ఒకే లైను మీది నాలుగు స్టేషన్లని మా ఒప్పందం. విజయవాడ తర్వాత మాస్టారిది, ఆ తర్వాత నాది, చివర ఉండి ఆయనది. నేను నా బల్ల మీద రైలు నడిపి "బయలుదేరింది" అని టైపు చేస్తే, మాస్టారు అలాంటి రైలే తన బల్ల అంచున పెట్టి స్టేషన్లోకి తెచ్చి "చేరింది" అనేవారు. పంపేముందు అవతలివాళ్ళని లైన్ క్లియర్ అడగాలి. పంపాక మన రైలుని పెట్టెలో పెట్టి మూత వెయ్యాలి. చేరిందన్న కబురు వచ్చేదాకా మన సిగ్నల్ ఎర్రగానే ఉండాలి, అటువైపు ఇంకో రైలు పంపకూడదు. ఈ నియమాలన్నీ మాస్టారు పెట్టినవే. చూసేవాళ్ళకి ఇది పిల్లలాట. మాకు వారానికి అదొక్కటే సాయంత్రం.

మొదటి ఏడాది ఒకసారి వట్లూరు వెళ్ళాను. ఆయన గదిలో మంచానికి కూడా చోటు లేదు, గోడ నుంచి గోడకు బల్లే. దాని మీద సగం స్టేషను, సగం నీళ్ళు. నీలం, ఆకుపచ్చ రంగులు కలిపి వేసి, దాని మీద పూటకొక పూత చొప్పున వార్నిషు వేశారట. దీపం పెడితే నిజం నీళ్ళలాగే మెరిసింది. ఆ నీళ్ళలో అగ్గిపుల్లల కాళ్ళ మీద దూది గూడబాతులు నిలబడి ఉన్నాయి. స్టేషను పేరు కొల్లేరు రోడ్డు.

"సర్వీసులో నన్ను ఎక్కడెక్కడో వేశారండి, టీచరుగారూ. ప్లాట్‌ఫారం మీద నిలబడితే కొల్లేరు కనబడే స్టేషను మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. సర్లే, మనమే కట్టుకుందామని" అన్నారు, ముసిముసిగా నవ్వుతూ. టీ తెచ్చిన భార్యకు కూడా ఆయన "థాంక్సండి" అనే చెప్పారు. ఆరోజు నా బల్లకు గడ్డి ఎలా వెయ్యాలో రంపపు పొట్టుతో చేసి చూపించారు. వచ్చేటప్పుడు డబ్బాలో రెండు గూడబాతులు పెట్టిచ్చారు. "మీ ఊళ్ళో నీళ్ళు లేవుగా, ప్లాట్‌ఫారం మీద నిలబెట్టండి. రైలెక్కడానికి వచ్చాయనుకుంటారు" అన్నారు.

ఆయన మాటలు రెండు నాకు బాగా గుర్తు. "లైన్ క్లియర్ అంటే మాటండి. రానివ్వండి, ఇక్కడ నేనున్నాను అని మాట." ఇది మొదటిది. "చివరి పెట్టె కంటితో చూడందే చేరిందనకూడదండి. చివరి పెట్టె రాలేదంటే దారిలో ఎక్కడో తెగిపోయి నిలబడి ఉన్నట్టే. దాని మీదకి మనం ఇంకో రైలుని తోలినట్టే." ఇది రెండోది. ఒక ఆదివారం ఉండిలో కరెంటు పోయింది. చీకట్లో బల్ల కనబడకుండానే, ఏముందిలే అని, ఉండి ఆయన పక్కింటి ఇన్వర్టరు మీద కంప్యూటరు పెట్టుకుని "చేరింది" అని కొట్టేశారు. ఆ సంగతి ఆయనే చాట్‌లో సరదాగా చెప్పేశారు. మాస్టారు నవ్వలేదు. "మీ స్టేషను నెల్లాళ్ళు మూసేస్తున్నామండి. ఏమీ అనుకోకండి" అని టైపు చేశారు. ఉండి ఆయన నాకు ఫోను చేసి బాధపడితే నేను మాస్టారి పక్షమే మాట్లాడాను. "చూడకుండా చూశాననడం ఏం మర్యాదండీ?" అని కటువుగానే అన్నాను.

మా అమ్మ పోయిన వారం మాత్రం ఆయన మరో మనిషి. ఆ ఆదివారం నేను చాట్ రూముకి వెళ్ళలేదు. నేను లేకపోయినా నన్ను దాటించి రైళ్ళు నడపొచ్చు. ఆయన నడపనివ్వలేదట. "ఈవేళ ఏ రైలూ కదలదండి" అని ముగ్గురి సిగ్నళ్ళూ ఎర్ర చేయించి, ఉండి ఆయన్నీ విజయవాడ ఆయన్నీ మామూలు సమయం అయ్యేదాకా అలాగే కూర్చోబెట్టారట. నాకు తర్వాత తెలిసింది. మా బంధువుల్లో కూడా అమ్మకోసం ఒక పూట ఏదీ ఆపుకున్నవాళ్ళు లేరు. అందుకే ఆయనంటే నాకంత నమ్మకం. ఆ నమ్మకం సంగతే ఇప్పుడు చెప్పాలి.

బుధవారం సమాధి కార్యక్రమం అయ్యాక ఇంటికి తీసుకెళ్ళారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. ఆడవాళ్ళందరం ఆయన గదిలో సర్దుకుని కూర్చున్నాం. ఆ గదిలో బల్ల లేదు. ఒక వెడల్పాటి చెక్క మంచం, దాని మీద బొంతలు ఉన్నాయి. జనం వస్తారని రైలు సామానంతా పక్కన పెట్టి ఉంటారులే అనుకుని మంచం అంచున కూర్చున్నాను. కళ్ళు మూసుకుని ప్రార్థన వింటూ చెయ్యి ఆనిస్తే వేళ్ళకు నున్నగా తగిలింది. బొంత కొంచెం తొలగించి చూశాను. నీలం, ఆకుపచ్చ. మధ్యలో చిన్న చిన్న జిగురు మచ్చలు, అగ్గిపుల్లలు ఊడిపోయిన చోట్లు. నేను కొల్లేరు మీద కూర్చున్నాను.

ప్రార్థన అయ్యాక వాళ్ళమ్మాయిని వెనక వరండాలోకి పిలిచి అడిగాను.

"ఆ బల్లాండీ? ఎప్పుడో తీసేశారండి. గవర్నమెంటువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు మా చెరువులూ పోయాయి కదండీ, పిల్లల్నీ మా అత్తగారినీ తీసుకుని ఇక్కడికొచ్చేశాం. అత్తగారు కింద పడుకోలేరు. నాన్నగారే రంపం పట్టుకుని బల్లకి కాళ్ళు కోసి మంచం చేశారండి. పట్టాలూ పెట్టెలూ అటక మీదున్నాయి."

గట్లు కొట్టేసి రెండేళ్ళు దాటింది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం నేను రైలు పంపుతున్నాను. ప్రతి ఆదివారం "చేరిందండి, చివరి పెట్టె చూశాను" అని జవాబు వస్తోంది. మరి వాళ్ళింటికి వస్తానన్నప్పుడల్లా సున్నాలు వేస్తున్నారనీ, చుట్టాలున్నారనీ అన్నది ఇందుకన్నమాట.

"మరి ఆదివారాలు ఏం చేసేవారమ్మా?" అని అడిగాను.

ఆమె వరండా అవతలికి చూపించింది. పెరడు గోడ, ఒక చేను, దాని వెనక మెయిన్ లైను. "కంప్యూటర్లో మీరేదో పంపగానే ఇక్కడికొచ్చి నిలబడేవారండి. నిజం రైలొకటి పూర్తిగా వెళ్ళేదాకా చూసి, లోపలికెళ్ళి టైపు చేసేవారు. మొన్న ఆదివారం కూడా అలాగే నిలబడ్డారండి. చాలాసేపు ఏ రైలూ రాలేదు. నిలబడి నిలబడి ఇదిగో, ఈ స్తంభం దగ్గర కూలబడిపోయారు. మళ్ళీ తెలివిలోకి రానేలేదండి."

ఆ స్తంభం వైపు చూశాను. జాలితో కాదు, ఇంకా కోపంతోనే. ఎవరి రైలు చూసి ఎవరి రైలు చేరిందన్నారు మాస్టారూ? ఒక్కోసారి జవాబు ఆలస్యమైతే నా పెట్టెలే పట్టాలు తప్పాయేమోనని బెంగపడి చక్రాలు ఊడదీసి చూసుకున్నానే! బల్ల తీసేశానండీ అని ఒక్క మాట చెబితే పోయేదేముంది? మనవలకి చోటివ్వడం తప్పని మేమనేవాళ్ళమా? మా ముందు గదిలోనే కొల్లేరు రోడ్డు కట్టిచ్చేదాన్ని. కూతురికి గది ఇచ్చినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. నన్ను రెండేళ్ళు లేని స్టేషనుకి రైళ్ళు పంపనిచ్చినందుకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. ఇక్కడ నేనున్నాను అన్నారు. అక్కడ పట్టాలే లేవు.

ఇంటికొచ్చి ఉండి ఆయనకు ఫోను చేశాను. ఆయనకు చెప్పడానికి సిగ్గేసింది, అయినా అంతా చెప్పాను. నెల్లాళ్ళు మూసేసిన మాట ఎత్తుతారనుకున్నాను. ఎత్తలేదు. "అయితే మన రైళ్ళన్నీ ఎక్కడికెళ్ళాయండీ టీచరుగారూ?" అన్నారు. మళ్ళీ ఆయనే, "లైను కలిపేద్దామండి. విజయవాడ నుంచి నేరుగా మీకు. వచ్చే ఆదివారం మొదలెడదాం" అన్నారు. ఆయన అన్నది సబబే. విజయవాడ ఆయనదీ అదే మాట.

అలా చెయ్యాలంటే ముందు నా సిగ్నల్ మార్చాలి. మార్చాలంటే వెళ్ళిన రైలు చేరిందని కొల్లేరు రోడ్డు చెప్పాలి. ఇది గౌరవమో, ఆయన మీద పంతమో నాకే తెలియడం లేదు. ఆదివారం సాయంత్రమైతే కంప్యూటరు పెట్టుకుని కూర్చుంటున్నాను. ఆయన పేరు పక్కన దీపం వెలగదు. ఐదు పెట్టెల ప్యాసింజరు మూత వేసిన పెట్టెలోనే ఉంది. ప్లాట్‌ఫారం మీద రెండు గూడబాతులు రైలు కోసం నిలబడి ఉన్నాయి. కొల్లేరు రోడ్డు వైపు నా సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది.