సిరవార దారిలో గాలి ఆగిన చోటు

నిమ్మకాయ మా ఇంట్లో పచ్చడికి, పులిహోరకి. గుమ్మానికి కట్టడానికి కాదు. అమావాస్యకి పక్క దుకాణాల వాళ్లు గుమ్మడికాయ పగలగొడుతుంటే, నిక్షేపంలాంటి కాయని రోడ్డుపాలు చేస్తున్నారని పోట్లాడిన మనిషిని నేను. దయ్యాన్ని చూశామని ఎవరైనా అంటే ఆ రోజు ఎంత తాగారని అడిగేదాన్ని. ఇప్పుడూ అడుగుతాను. కానీ పోయిన కార్తీకంలో, సిరవార నుంచి రాయచూరు వచ్చే దారిలో, పట్టపగలు నాకు జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

మాది రాయచూరు గంజ్ బజారు దగ్గర తాళ్లు, టార్పాలిన్లు అమ్మే దుకాణం. మా ఆయన పోయాక గల్లా మీద కూర్చున్నది నేనే. తర్వాత నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎడమవైపు తీసేశారు. వైద్యం జరిగినన్నాళ్లూ మా మరిది సుధాకర్ దుకాణం చూసుకున్నాడు. మంచి పనే చేశాడు, కాదనను. అయితే నేను కోలుకున్నాక కూడా గల్లా మీద నుంచి లేవలేదు. నన్ను చూస్తే చాలు, “నువ్వు కూసో వదినా, ఆరాం చెయ్” అనేవాడు.

ఆరాం అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండేది.

డాక్టరమ్మ నడవమంది. నడక నాకు విసుగు. ఒక పాత గేరు సైకిల్ కొని పొద్దున్నే యరమరస్ దాకా తొక్కి వచ్చేదాన్ని. కరెంటు ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చేవాళ్లు మొదట్లో వింతగా చూసేవాళ్లు. కొన్నాళ్లకి చూడటం మానేశారు. ఎడమ చెయ్యి ఇప్పటికీ వాస్తుంది. దానికి బిగుతుగా ఉండే తొడుగు వేసుకుంటాను.

ఆ రోజుల్లోనే బసవరాజు అనే అతను ఒక సైకిల్ యాత్ర పెట్టాడు. ఐదు రోజులు. రాయచూరులో బయలుదేరి లింగసుగూరు, ముదగల్, సింధనూరు, సిరవార మీదుగా మళ్లీ రాయచూరు. తను దారి చూపిస్తాడు, వెనక ఒక వ్యాన్ వస్తుంది, తొక్కలేని వాళ్లని ఎక్కించుకుంటుంది. దానికి ‘ద్వీపయాత్ర’ అని పేరు పెట్టుకున్నాడు. మన జిల్లాలో ద్వీపమేమిటని అడిగితే, “గటు కృష్ణ, గిటు తుంగభద్ర, ముందట రెండు కలుస్తయి. మూడు దిక్కుల నీళ్లే గదక్కా” అన్నాడు. నాలుగో దిక్కు మాటేమిటంటే నవ్వి, పేర్లు రాసే కాగితం నా చేతిలో పెట్టాడు.

నేను పేరిచ్చానని తెలిసి సుధాకర్ ఇంటికి వచ్చాడు.

“ఏంది వదినా, గిట్ల సైకిలెక్కి ఊర్లు తిరుగుతవా? పానం బాగలేనిదానివి.”

“బాగుందనే గద పోతున్న. తిరిగొచ్చినంక గల్లా మీద నేనే కూసుంట” అన్నాను.

“సరే మరి. ఇక్కడి నుంచి ఇక్కడికి తొక్కుకుంట వస్తే గల్లా నీది. వ్యాన్‌ల వచ్చినవంటే మాత్రం ఇంట్ల కూసోవాలె. మళ్ల దుకాణం ముచ్చట తీయొద్దు.”

ఒప్పుకున్నాను. రోషానికి పోయి ఒప్పుకున్నానని మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది. రోషం కాక ఇంకేముంది నా దగ్గర?

సైకిల్ యాత్రల సంగతి తెలియని వాళ్లకి ఒక్కటి చెప్పాలి. ఎదురుగాలి వచ్చినప్పుడు ఒకరి వెనక ఒకరు, చక్రానికి చక్రం దగ్గరగా వెళ్తారు. ముందున్నవాళ్లు గాలిని చీలుస్తారు, వెనకవాళ్లకి కష్టం సగం తగ్గుతుంది. కాసేపయ్యాక ముందువాళ్లు వెనక్కి వస్తారు. ఇది మోసం కాదు, పద్ధతి. బసవరాజు మొదటి పొద్దునే అందరికీ నేర్పించాడు. లింగసుగూరు మిట్టల్లోనూ, ముదగల్ కోట దాటాకా నేనూ అలాగే తొక్కాను. నా వంతు వచ్చినప్పుడు ముందుకీ వెళ్లాను.

ముదగల్లో ఎవరో తీసిన ఫోటో సుధాకర్‌కి చేరింది. అందులో నేను వరసలో వెనక ఉన్నాను. చివరి రోజు పొద్దున సిరవారలో టిఫిన్ చేస్తుంటే ఫోన్ చేశాడు. “మంది ముందుండి గుంజుతుంటే వెనకెనక వచ్చుడు, అదొక వచ్చుడా వదినా?” అన్నాడు.

ప్లేట్లో ఇడ్లీ అలాగే వదిలేసి లేచాను. ఈ రోజు నా ముందు ఎవరూ ఉండొద్దని బసవరాజుకి చెప్పాను. “అక్కా, గాలి మనకు ఎదురే ఉంది, చెయ్యి చూసుకో” అన్నాడు. వినలేదు. గట్టిగా తొక్కేవాళ్లని ముందు పొమ్మన్నాను. వాళ్లు కనుమరుగయ్యాకే బయలుదేరాను. నా వెనక ఒక్కరే మిగిలారు, శ్రీనివాసరావు గారు. సింధనూరు దగ్గర వలస రైతుల ఊళ్లని క్యాంపులంటారు, అలాంటి ఒక క్యాంపులో వరి పండిస్తారు, వాళ్ల నాన్న కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆ వేళ ఆయన మోకాలు ఇబ్బంది పెడుతోంది. ఆయన వెనకే వ్యాన్, అందులో బసవరాజు.

చలికాలం ఈశాన్యపు గాలి మా వైపు ఎలా ఉంటుందో తొక్కినవాళ్లకే తెలుసు. చెట్టూ చేమా లేని, కోతకొచ్చిన పొలాలు. చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ వినపడదు. తొక్కుతున్న కొద్దీ ఎడమ చెయ్యి బరువెక్కింది, వేళ్లు హ్యాండిల్ మీద నిలవడం లేదు. చాలాసేపటికి దూరంగా యరమరస్ పొగగొట్టాలు కనిపించాయి. ఇంకా చాలా దూరం. నా వల్ల కాదేమో అని మొదటిసారి అనిపించింది. వ్యాన్ కోసం ఒకసారి వెనక్కి చూశాను కూడా. ఆ మాట దాచను.

అప్పుడు హోరు ఆగిపోయింది.

ఒక్కసారిగా నా సైకిల్ గొలుసు చప్పుడు, నా ఊపిరి నాకు వినపడ్డాయి. పెడల్ తేలికైంది. గాలి పడిపోయిందనుకుని తలెత్తి చూశాను. పడిపోలేదు. రోడ్డుకి రెండు పక్కలా వరి నా వైపే వంగి ఉంది. వడ్ల కుప్ప మీద కప్పిన టార్పాలిన్ ఎగిరెగిరి కొట్టుకుంటోంది. పొగగొట్టాల మీద పొగ సరిగ్గా నా వైపే వాలి ఉంది. ఎదురుగా ట్రాక్టర్ మీద వస్తున్న రైతు తల మీది తువ్వాలు ఊడిపోకుండా చేత్తో పట్టుకున్నాడు.

నా ముందు రోడ్డు ఖాళీ.

నాలుగు రోజులు మనుషుల వెనక తొక్కాను కాబట్టి అదేమిటో నా ఒంటికి తెలుసు. ఒక మనిషి ముందు వెళ్తుంటే వెనక ఉండే చాటు అది. సైకిల్ కొంచెం కుడికి తిప్పాను. గాలి మొహాన కొట్టింది. ఎడమకి వస్తే లేదు. మళ్లీ కుడికి వెళ్లి అక్కడే ఉన్నాను. నాలుగు తొక్కులు తొక్కానో లేదో, అక్కడా గాలి ఆగింది. నేను పక్కకి జరిగితే అదీ జరిగింది.

అబద్ధమెందుకు, భయపడ్డాను. కానీ భయం వెనకే కోపం తన్నుకొచ్చింది. ఆస్పత్రిలో లేపి కూర్చోబెట్టారు, ఇంట్లో పట్టుకుని నడిపించారు, దుకాణంలో కుర్చీ తీసేసి ఆరాం అన్నారు. ఇక్కడ, ఈ నడిరోడ్డు మీద కూడానా? ఏడుపొచ్చింది. పైకే అరిచాను.

“ఎవరైతే నాకేంది? నేనేమన్న అడిగిన్నా? పక్కకు జరుగు, నేను చూసుకుంట!”

చెంప మీద కొట్టినట్టు గాలి వచ్చి పడింది. సైకిల్ ఊగిపోయింది. అయినా పడలేదు. అక్కడి నుంచి ఊరి మొదట్లో మావాళ్లు ఆగిన టీ హోటల్ దాకా ఆ గాలిలోనే, తిట్టుకుంటూ, ముక్కు చీదుకుంటూ తొక్కాను. అంత కష్టం నేనెప్పుడూ పడలేదు. అంత సంతోషం కూడా.

శ్రీనివాసరావు గారు వ్యాన్‌లో వస్తారని అనుకున్నాం. సైకిల్ మీదే వచ్చారు. దిగుతూనే నాకు దండం పెట్టారు.

“మీ పుణ్యమేనండీ. ఇంక వ్యాన్ ఎక్కేద్దాం అనుకుంటుంటే మీరు వెనక్కొచ్చి నా ముందు గాలికి అడ్డం కాశారు. లేకపోతే నా వల్లయ్యేదా?”

నేను వెనక్కి వెళ్లలేదని చెప్పాను. ఆయన నమ్మలేదు. నన్ను చూశారా అని అడిగాను.

“చూళ్లేదండీ. హాయిగా ఉంది కదా, తల ఎత్తితే పోతుందేమోనని ఎత్తలేదు.”

బసవరాజు వ్యాన్ దిగి వచ్చాడు. “సారు ముందట ఎవ్వరు లేరక్కా. నేను వ్యాన్‌లకెల్లి చూస్తనే ఉన్న. గంత గాలిల ఈయన ఎట్ల తొక్కుతున్నడని నాకే సమజ్ కాలే” అన్నాడు.

తర్వాత ఆలోచించాను. ఒళ్లు అలిసిపోయి నాకు గాలి తెలియకుండా పోయిందేమో అనుకున్నాను. మరి రావు గారికి? గట్టో గోడో అడ్డం ఉందేమోనని అదే చలికాలంలో స్కూటర్ మీద వెళ్లి చూసి వచ్చాను. కోసేసిన పొలం తప్ప ఏమీ లేదు. మా ఆయనే వచ్చాడని మా చెల్లెలంటుంది. ఆయన బతికున్న రోజుల్లో నాకంటే ముందు నడిచిన మనిషి కాదు. ఆ మాట నేను ఒప్పుకోను.

ఆ రోజు సైకిల్ మీద తిన్నగా దుకాణానికే వెళ్లాను. సుధాకర్ గల్లా మీద ఉన్నాడు. “మొత్తం నువ్వే తొక్కినవా?” అన్నాడు. నాలుగు రోజులు అందరితో కలిసి తొక్కానని, ఈ రోజు నా ముందు మనిషన్నవాడు లేడని, మధ్యలో కొంచెం దూరం మాత్రం ఏదో గాలికి అడ్డం నిలబడిందని, అదేమిటో తెలియదని, పొమ్మంటే పోయిందని ఉన్నదంతా చెప్పాను. నా మొహంలోకి చూసి, “ముందు ఇంటికి పోయి పండుకో వదినా, రేపు మాట్లాడదం” అన్నాడు. జరగమన్నాను. నీళ్లు తాగమన్నాడు. మళ్లీ జరగమన్నాను. గంజ్‌లో నలుగురూ చేరి చూస్తుండగా మూడోసారి అంటే, అప్పుడు లేచాడు.

ఆ దారిలో నా ముందు వెళ్లిందేమిటో ఇప్పటికీ చెప్పలేను. నాకు తెలిసింది ఒక్కటే. జరుగు, నేను చూసుకుంటానంటే మొదటిమాటకే జరిగింది నా జన్మలో అదొక్కటే.