పిన్ని జోళ్లలో వెచ్చదనం

దెయ్యాల కథలు చెప్పడం నా పని, నమ్మడం వినేవాళ్ల ఖర్మ. నేను మాత్రం ఒక్కదాన్నీ నమ్మలేదు. గోపాలపూర్ తీరంలో తిమింగలం నాతో ఒరియాలో మాట్లాడిందని బరంపురం బజారులో సగం మందిని నమ్మించినవాణ్ణి. అందుకే ఇది చెప్తే మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి.

మా పిన్నికి కుష్ఠు నయమైంది గానీ, కాళ్లకీ చేతులకీ స్పర్శ పోయింది. నిప్పు తొక్కినా తెలిసేది కాదు. ఓసారి మేకు దిగితే అలాగే నడిచింది. పుండు పడి ఒక వేలు తీసేశారు. ఇంకోసారి పడితే పాదమే తీసేయాలన్నారు డాక్టరుగారు.

అప్పట్లో నేను ఒక సేవాసంస్థ ఆసుపత్రిలో జీపు నడిపేవాణ్ణి. ఇలాంటి కాళ్లకు మెత్తటి జోళ్లు కుట్టడానికి వాళ్లు హాలెండు నుంచి ఒకాయన్ని ఏడాది వీసా మీద రప్పించారు. పేరు యాన్. తొడిగే ముందు ప్రతిసారీ జోడు లోపల చెయ్యి పెట్టి, రాయో ముల్లో ఉందేమోనని తడిమేవాడు. పిన్ని సిగ్గుతో ముడుచుకుపోయేది.

"జోళ్లల్లో సెయ్యెట్టకు బాబూ, నాకు పాపం సుట్టుకుంటాది."

"పాపం లేదు పిన్నీ. ముల్లు ఉంది," అనేవాడు, నేను నేర్పిన తెలుగులో.

రోగమొచ్చాక ఆవిడ కాలు ముట్టుకుని పిన్నీ అన్నవాడు ఆయనొక్కడే.

ఏడాది తిరిగింది. సంస్థవాళ్లు ఎంత తిరిగినా వీసా పొడిగించలేదు. మళ్లీ వస్తానని వెళ్లాడు. కబురు లేదు. తడమడం నా వంతైంది. పిన్ని ఆసుపత్రి రోడ్డుకేసి చూస్తూ జోళ్లేసుకునేది.

వానాకాలం, ఒక ఉదయం. రాత్రంతా కురిసి అరుగు చల్లగా తడిసుంది. జోడులో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు. పక్కన మెట్టు మీద ఒక తుమ్మముల్లు. ఇంట్లో మేమిద్దరమే. పిన్ని అప్పుడే లేచింది.

ఆ సంగతి చెప్పకుండానే జోళ్లు పిన్ని ముందు పెట్టాను. ఆవిడ కాలు పెట్టి ఆగిపోయింది.

"ఎచ్చగుందిరా. యానుబాబొచ్చాడేటి?"

వీధి చివరిదాకా వెళ్లి చూశాను. వాననీళ్లే. పిల్లి పడుకుందేమో అనుకున్నా, పిల్లి ముల్లు తీయదు కదా.

ఆ తర్వాత ఎన్నో ఉదయాలు జోడులో చెయ్యి పెట్టి, అది వెచ్చబడేదాకా ఉంచేవాణ్ణి. పిన్ని కాలు పెట్టి, "ఏటీ తెలీడం లేదురా," అనేది.

పోయేదాకా ఆవిడ పాదం నిలిచింది. నిప్పు తెలియని ఆ కాలికి ఆ ఒక్క పూట ఏం తెలిసిందో నాకిప్పటికీ అంతుపట్టదు. జోళ్లు అరుగు మీదే ఉంచాను. పొద్దున్నే ఓసారి చెయ్యి పెట్టి చూస్తాను.