ఇస్త్రీ చేసిన గలీబు

నారాయణగూడ సందులో ఉన్న ఆ లాడ్జిలో మాసమ్మ పద్దెనిమిదేళ్లుగా గదులు సర్దుతోంది. ఆమె చేతిలో ఒక విద్య ఉంది. మెట్ల మలుపులో బల్ల మీద దుప్పటి పరచి, నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి, కాస్త పౌడరు చల్లి ఇస్త్రీ పెట్టె లాగిందంటే, నిన్న ఎవరో పడుకున్న దుప్పటే అప్పుడే ఉతికి తెచ్చినట్టు తళతళలాడుతుంది. ఉతుకుడికి వారానికోసారే పంపాలని యజమాని చెప్పినప్పటి నుంచీ లాడ్జి ఆ విద్య మీదే నడుస్తోంది. పాతకాలపు సత్రాల శాసనాలు తిరగేస్తే బాటసారికి మజ్జిగ ఎవరు పోయాలో, దీపం ఎవరు పెట్టాలో దొరుకుతుంది గానీ, అతను తల ఆన్చే బట్ట సంగతి ఏ రాజూ పట్టించుకున్నట్టు లేదు.

ముసురు రోజుల్లో తణుకు నుంచి బుల్లెమ్మ, కూతురు హారతి దిగారు. బుల్లెమ్మకు ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. మిగిలిన కుడికంటికి శుక్లం ఆపరేషనైంది. వారం ఆగి మళ్లీ చూపించుకోవాలి.

బాత్రూం గోడకు పాకుడు, బకెట్లో ఎవరివో వెంట్రుకలు, దిండు మీద నూనె మరక. హారతి కిందికి దిగింది.

"అమ్మకున్నది ఆ ఒక్క కన్నేనండీ. మురికి తగలకూడదన్నారు. దిండుకి ఉతికిన గలీబు ఒక్కటి ఇప్పించండి చాలు."

మేనేజర్ శ్రీశైలం ఫోన్లోంచి తలెత్తలేదు. "ఇది లాడ్జి మేడం, దవాఖాన కాదు. అయినా ఇప్పిస్త. మాసమ్మా, జర మంచిది చూసియ్యి!"

ఉతికినవి లేవని ఇద్దరికీ తెలుసు. మాసమ్మ మరక లేనిది ఏరి, రెండుసార్లు ఎక్కువే ఇస్త్రీ లాగింది. వేడికి మురికి చచ్చిపోతుందని ఆమె నమ్మకం.

బుల్లెమ్మ దిండు తడిమి నవ్వింది. "వెచ్చగా ఎంత బావుందే! నీ కడుపు చల్లగుండ."

"ఫికర్ చెయ్యకు, పండుకో అమ్మా."

నాలుగో రోజు కంట్లో చీము పట్టింది. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆరో రోజు సంచుల కోసం హారతి ఒక్కతే వచ్చి, గది సర్దుతున్న మాసమ్మను ఆపింది.

"ఇక చూపు రాదట. మురికి ఎక్కడ తగిలిందని డాక్టరుగారు అడుగుతున్నారు. నిజం చెప్పమ్మా, ఆ గలీబు ఉతికిందేనా?"

"మెషిన్ల ఉతికింది మేడం," అన్నాడు వెనకాలే వచ్చిన శ్రీశైలం. "చెప్పు మాసమ్మా."

మాసమ్మ తల దించుకుంది. "ఉతకలే బిడ్డా. ఇస్త్రీ చేసిన, గంతే."

"పాగల్ అయినవా ఏంది? ఇగ రేపటి సంది రాకు!"

హారతి తిట్టలేదు. "ఆ మాట డాక్టరుగారికి వచ్చి చెప్పు" అంది. ఇద్దరూ వానలో ఆటో ఎక్కారు.

మంచం మీద బుల్లెమ్మ రెండు కళ్లూ మూసే ఉన్నాయి. "ఎవరదీ?"

డాక్టరు వచ్చేదాకా మాసమ్మ ఆగలేకపోయింది. మంచం పక్కనే నిలబడి అంతా చెప్పేసింది.

బుల్లెమ్మ తల కింది దిండును చేత్తో తడిమింది.

"ఆ ముక్క అప్పుడే అనుంటే, నా సంచిలో ఉతికిన చీరుందిగదే. అది పరుచుకుని పడుకునేదాన్ని."