చుక్కల బొద్దింకల పెట్టె మీది చీటీ

ఈ ఉదయం పెట్టె మూత తీయగానే తడిసిన ఆకుల వాసన గుప్పుమంది. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. పక్కింటి పోపు ఘాటు, కింద రోడ్డు మీది పొగ తప్ప మరో వాసన ఎరగని బాల్కనీ. అక్కడ ఈ వాసన వచ్చిందంటే చాలు, నిర్మల మేడమ్ నా వెనకే నిలబడి ఉన్నట్టుంటుంది. "మూత జర మెల్లగ తియ్యి సుజాతా, గది వాటి ఇల్లు" అనేవారామె. ఇన్నేళ్లయినా నేను దాన్ని మెల్లగానే తీస్తాను.

హైటెక్ సిటీలో నా మొదటి ఉద్యోగంలో ఆమె మా టెస్టింగ్ టీమ్ లీడ్. సిద్దిపేట వైపు మనిషి. తన కంటితో చూడనిదే దేన్నీ సరేననేవారు కాదు. అందుకే డెవలపర్లకు ఆమె అంటే హడలు. అలాంటి మనిషి ఇంట్లో సరదాగా బొద్దింకలను పెంచుతున్నారని తెలిసిన రోజు పగలబడి నవ్వాను. భీమవరంలో మా అమ్మకు బొద్దింక కనబడితే చీపురు విరిగేదాకా ఊరుకోదు మరి! "నవ్వుడు తర్వాత. ముందుగాల వచ్చి చూడు" అని మేడమ్ ఒక శనివారం నన్ను శేరిలింగంపల్లిలోని తన ఇంటికి తీసుకెళ్లారు.

అక్కడ రెండు పెట్టెలున్నాయి. ఒకదానిలో చేపల మేతకు అమ్మే, దూబియా అనే విదేశీ రకం గోధుమరంగు బొద్దింకలు. రెండోదాని ముందు మాత్రం నా నవ్వు ఆగిపోయింది. బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దవి, నిగనిగలాడే నల్లటి ఒంటి మీద ముగ్గు పెట్టినట్టు తెల్లటి చుక్కలు. మన నేల మీదే పుట్టిన రకమట. కోకాపేటలో ఒక గుట్టను చదును చెయ్యడానికి యంత్రాలు దిగిన రోజుల్లో, ఎండుటాకుల కింది నుంచి మేడమ్ వాటిని ఏరి తెచ్చారు. ఇప్పుడక్కడ ఆకాశాన్నంటే భవనం ఉంది. "ఇవి పోతే మళ్ల పోయి తెచ్చుకుందామంటే గుట్ట ఏడుంది?" అన్నారు.

ఆ పెట్టెకు ఒక చీటీ అంటించి ఉంది. నీళ్లు ఎప్పుడు చల్లారు, ఆకులు ఎప్పుడు మార్చారు, ఆ పని ఎవరు చేశారు, అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఒకచోట "నీళ్లు ఎక్కువైనయ్. తప్పు నాదే. నిర్మల" అని కూడా ఉంది. ఆఫీసులో ఆమె నోట్సూ అచ్చం ఇలాగే ఉండేది. తన తప్పును తన పేరుతో రాసుకునే లీడ్‌ను నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

మోకాలి ఆపరేషన్ కోసం వరంగల్‌లోని చెల్లెలి దగ్గరికి వెళ్తూ ఆమె ఇంటి తాళం నా చేతిలో పెట్టారు. "నాకేం ఫికర్ లేదు, నువ్వు చూస్కుంటవ్" అన్న ఆ ఒక్క మాటకే నేను గాల్లో తేలిపోయాను. రెండో వారంలోనే దూబియాల పెట్టె నా చేయి జారి పగిలింది. ఆఫీసులో రిలీజ్ హడావిడి, కొత్త పెట్టె కొనే తీరిక లేదు. వాటన్నిటినీ ఏరి చుక్కల వాటి పెట్టెలో వేసేశాను. అన్నీ బొద్దింకలే కదా, రెండు రోజులే కదా అనుకున్నాను. రెండు రోజులు కాస్తా రెండు నెలలయ్యాయి. మేత గిన్నె చుట్టూ అన్నీ కలిసిమెలిసి ఉన్నట్టే కనబడేవి. మేడమ్ ఫోన్ చేసినప్పుడల్లా "అన్నీ బాగున్నాయండి" అని చెప్పాను.

చుక్కలవి తగ్గిపోతున్నాయని గమనించేసరికి ఆలస్యమైపోయింది. అవి గుడ్లు మట్టిలోనే పెడతాయి, వాటి పిల్లలూ మట్టిలోనే పెరుగుతాయి. దూబియాలు లెక్కలేనన్ని పిల్లల్ని కని, ఆ మట్టినంతా తిరగదోడి గుడ్లను నమిలేశాయి. పైన తిరిగే చుక్కలవి నాలుగే మిగిలాయి. దూబియాల పెట్టె నిన్ననే పగిలిందని, చుక్కలవాటికి చీమలు పట్టాయని చెబితే మేడమ్ నమ్మేవారే. ఆమె తిరిగొచ్చిన రోజు వాళ్లింటికి వెళ్తూ బస్సులో ఆ అబద్ధాన్ని రెండుసార్లు వల్లెవేసుకున్నాను కూడా.

చేతికర్ర పట్టుకుని తలుపు తీసిన ఆమెను చూశాక అబద్ధం నోట రాలేదు. "నేనే కలిపానండి. మీకు చెప్పకుండా దాచాను" అంటూ ఏడ్చేశాను. మేడమ్ వంగి పెట్టెలో మిగిలినవాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. చివరికి పెన్ను నా ముందుకు జరిపారు.

"రాయి."

"ఏం రాయమంటారండి?"

"ఏం జరిగిందో గదే రాయి. కింద పేరు రాయి. ఇగ ఏడ్చుడు బంద్ చేసి జల్లెడ పట్టు."

"రెండు రకాలను ఒకే పెట్టెలో కలిపింది నేను. సుజాత" అని చీటీ మీద రాశాను. దూబియాలను వేరు చేసి, పిండి జల్లెడతో మట్టినంతా జల్లించాను. దూబియాలు నమలకుండా మిగిలిన గుడ్ల తిత్తులు పదకొండు దొరికాయి. వాటిని కొత్త మట్టిలో పెట్టి ప్రతి ఆదివారం వెళ్లి నీళ్లు చల్లేదాన్ని. వారాలు గడిచినా ఏమీ కదల్లేదు. "ఇవి బతికే ఉన్నాయంటారా?" అని అడిగితే, "నువ్వు పరేషానయితే గుడ్డు పగుల్తదా? చల్లు, రాసిపెట్టు" అనేవారు. ఆ రోజుల్లోనే ఆఫీసులో నేను చూడకుండా వదిలేసిన ఒక లోపం బయటపడింది. ఎవరూ అడగకముందే నా పేరుతో నోట్సులో రాశాను. మేడమ్ అది చదివారు. ఆ రోజు క్యాంటీన్‌లో నాకు టీ తనే తెచ్చి ఇచ్చారు.

ఒక ఆదివారం ఆకు ఎత్తితే కింద బియ్యపు గింజంత పిల్ల ఒకటి పరుగెత్తింది. తర్వాత ఇంకొకటి. నేను అరిచిన అరుపుకు మేడమ్ కర్ర వదిలేసి వచ్చారు.

ఉద్యోగం మానేసి సిద్దిపేట వెళ్లిపోయేటప్పుడు ఆమె ఆ పెట్టెను నాకే ఇచ్చారు. "చెడగొట్టినదాని చేతిలో పెడుతున్నారేంటండి?" అన్నాను. "చీటీ చదువు" అన్నారు.

ఇప్పుడు నేనూ ఒక టీమ్‌కు లీడ్‌ని. తప్పు ఒప్పుకోవడానికి భయపడే కొత్తవాళ్లకు ఆ చీటీ చూపిస్తాను. కోకాపేట గుట్ట పోయినా దాని మీది చుక్కల బొద్దింకలు నా బాల్కనీలో ఉన్నాయి, నూటికి పైనే. నా రాత కింద మేడమ్ గుండ్రటి అక్షరాలు ఇంకా చెరగలేదు: "బతికించింది కూడా సుజాతనే. నిర్మల."