వంగతోటకు కట్టిన వేపమండలు

పురుగుమందు మాన్పించే సంస్థలో చేరి, కాకినాడ నుంచి వచ్చిన కొత్త. నా మాట నమ్మి మందు కొట్టడం ఆపేసిన లక్ష్మమ్మ వంగతోటలో పురుగు పడిందని కబురొచ్చింది. వెంటనే ఆమె ఊరు దేవరయాంజాల్ వెళ్లే బస్సెక్కాను.

తోట తలుపుకి, అమ్మవారు పోసిన ఇంటికి కట్టినట్టు, వేపమండలు వేలాడుతున్నాయి.

“ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసిందా?” అన్నాను భయంగా.

“ఎవ్వలకు పొయ్యలే బిడ్డా,” లక్ష్మమ్మ నవ్వింది. “మా ఆయన మందు పంపు భుజానేసుకొని వచ్చిండు. నేను గట్టిన గీ మండలు జూసి, పోచమ్మకు భయపడి వాపస్ వోయిండు. నువ్వు జెప్పిన వేపకషాయమే కొట్టిన. ఇగ పంట దక్కుతది గదా?”

కషాయం గురించి పుస్తకంలో చదవడమే తప్ప, అది పురుగును ఆపడం నేనెన్నడూ చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ మండలకు నేనూ దండం పెట్టుకున్నాను.